గేరు చెడిందా? సెన్సరు చెడిందా?

థర్మామీటరు 104 డిగ్రీలు చూపితే జ్వరం ఉందంటాం. ఆ జ్వరం మలేరియా వల్ల వచ్చిందా, టైఫాయిడ్ వల్ల వచ్చిందా అన్నది థర్మామీటరు చెప్పదు. ఒక్కోసారి రోగి ఒళ్లు చల్లగానే ఉంటుంది, థర్మామీటరు మాత్రం 104 చూపుతుంది. అప్పుడు పరీక్షించవలసింది రోగిని కాదు, థర్మామీటరును. ఆటోమేటిక్ గేర్లున్న వాహనాలకు వచ్చే జబ్బుల్లోనూ ఇదే చిక్కు ఉంది. గేర్ బాక్స్ పాడైందని వాహనంలోని కంప్యూటర్ చెబుతుంది. నిజంగా గేర్ బాక్సే పాడైందా, లేక ఆ కబురు మోసుకొచ్చిన సెన్సరు పొరబడిందా? ఈ రెంటినీ వేరు చేయడం ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఇందుకు కావలసిందల్లా హైస్కూలులో నేర్చుకున్న లెక్కలూ, కాస్త విద్యుదయస్కాంత శాస్త్రమూ.

దీవుల్లో ఎందుకింత ముఖ్యం?

అండమాన్ దీవులు చెన్నైకి, విశాఖపట్నానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అక్కడి వాహనాలన్నీ సముద్రం దాటి వచ్చినవే. విడి భాగాలూ అంతే. ప్రధాన భూభాగం నుంచి ఓడ చేరడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. మెకానిక్కు తొందరపడి తప్పు భాగం తెప్పిస్తే డబ్బుతో పాటు రోజులకు రోజులు వృథా అవుతాయి.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు పొడవు 300 కిలోమీటర్లకు పైనే. దానిలో జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్ల మేర జారవాల రక్షిత అటవీ ప్రాంతం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలను నిర్ణీత వేళల్లో బారుగా కలిపి పంపుతారు. దారిలో ఆపకూడదు, దిగకూడదు. అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ వద్ద ఉప్పునీటి పాయను ఫెర్రీ మీద దాటాలి. ఇలాంటి దారిలో గేర్ బాక్స్ మొరాయిస్తే ఆ ఒక్క వాహనానికే కాదు, వెనక వచ్చే బారు మొత్తానికీ ఇబ్బందే.

దీనికి వాతావరణం కూడా తోడవుతుంది. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. ఈ రెండూ విద్యుత్ కనెక్టర్లకు బద్ధశత్రువులు. ఆ సంగతి తరువాత చూద్దాం.

సైకిలు నేర్పే లెక్క

మీ సైకిలు పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక చక్రం దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44/18, అంటే దాదాపు 2.44 చుట్లు తిరుగుతుంది. పది చుట్లు తొక్కితే 24.4 చుట్లు. మీరు పెడల్ చుట్లు లెక్కబెడుతున్నారు, మీ స్నేహితుడు చక్రం చుట్లు లెక్కబెడుతున్నాడు. అతడు 20 అని చెప్పాడు. దీనికి కారణాలు రెండే. గొలుసు జారి ఉండాలి, లేదా ఇద్దరిలో ఒకరు లెక్క తప్పి ఉండాలి.

ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లోని కంప్యూటర్ చేసే పని కూడా ఇదే. లోపలికి వచ్చే షాఫ్టు వేగాన్ని ఒక సెన్సరు, బయటికి వెళ్లే షాఫ్టు వేగాన్ని మరో సెన్సరు లెక్కబెడతాయి. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే గేరు నిష్పత్తి వస్తుంది. ప్రతి గేరుకూ ఉండవలసిన నిష్పత్తి కంప్యూటర్ జ్ఞాపకంలో ముందే ఉంటుంది. లెక్క సరిపోతే గేరు సరిగ్గా పడినట్టు. సరిపోకపోతే కంప్యూటర్ ఒక సంకేత సంఖ్యను నమోదు చేసి, హెచ్చరిక దీపం వెలిగిస్తుంది.

గేర్ బాక్స్ లోపల ఏముంది?

ఇంజనుకూ గేర్ బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే దాని గాలికి రెండోది కూడా తిరగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ గాలికి బదులు నూనె ఆ పని చేస్తుంది. నూనె తిప్పే చక్రాన్ని టర్బైన్ అంటారు. దాని వెనక ఉన్నవే గ్రహ గేర్లు. మధ్యలో సూర్యుడిలా ఒక గేరు, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న గేర్లు, వాటన్నిటినీ చుట్టిన పళ్ల వలయం ఉంటాయి కాబట్టి వీటికి ఆ పేరు వచ్చింది. వీటిలో ఏది కదలాలి, ఏది ఆగాలి అన్నదాన్ని బట్టి గేరు మారుతుంది. ఆపడానికీ, కలపడానికీ పలుచని బిళ్లల క్లచ్‌లు ఉంటాయి. వాటిని నూనె పీడనమే నొక్కుతుంది. ఆ నూనె ఎటు పోవాలో సొలినాయిడ్ వాల్వులు నిర్ణయిస్తాయి. సొలినాయిడ్లకు ఆజ్ఞలు ఇచ్చేది కంప్యూటర్.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో ‘హైడ్రామాటిక్’ అనే ఆటోమేటిక్ గేర్ బాక్స్‌ను ప్రవేశపెట్టినప్పుడు కంప్యూటర్లు లేవు. వాహనం వేగం పెరిగేకొద్దీ తిరుగుతూ బయటికి జరిగే బరువుల గవర్నర్ నూనె పీడనాన్ని మార్చి గేరు మార్చేది. ఇప్పుడు ఆ గవర్నర్ స్థానాన్ని వేగ సెన్సర్లు ఆక్రమించాయి.

లెక్కబెట్టే కన్ను

వేగ సెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ మీద ఆధారపడింది. చిన్న అయస్కాంతం చుట్టూ సన్నని తీగ చుట్టి, దాన్ని షాఫ్టు మీది పళ్ల చక్రానికి అతి దగ్గరగా పెడతారు. ఇనుప పన్ను దాటినప్పుడల్లా అయస్కాంత అభివాహం మారి, తీగలో ఒక స్పందన పుడుతుంది. దీనికి రెండే తీగలు, బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. అయితే వేగం తగ్గితే స్పందన కూడా బలహీనమవుతుంది.

రెండో రకం ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న హాల్ ప్రభావంతో పనిచేస్తుంది. దీనికి బయటి నుంచి విద్యుత్తు కావాలి. సాధారణంగా మూడు తీగలుంటాయి. షాఫ్టు మెల్లగా తిరిగినా దీని స్పందన ఎత్తు తగ్గదు.

ఏ రకమైనా లెక్క ఒక్కటే. సెకనుకు వచ్చే స్పందనలు = పళ్ల సంఖ్య × నిమిషానికి చుట్లు ÷ 60. పళ్లు 30 ఉండి, షాఫ్టు నిమిషానికి 1,400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 700 స్పందనలు వస్తాయి.

ఈ రెండూ కాక గేరు లీవరు ఏ స్థానంలో ఉందో (పార్కింగ్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్) చెప్పే స్థాన సెన్సరు కూడా ఉంటుంది. లీవరు పార్కింగ్‌లో ఉన్నా ఇంజను స్టార్టు కాకపోవడం, న్యూట్రల్‌లో పెడితే స్టార్టు కావడం, డాష్‌బోర్డు మీద తప్పు అక్షరం వెలగడం దాని లోపానికి గుర్తులు. ఒక్కోసారి సెన్సరు బాగానే ఉండి, లీవరు కేబుల్ సర్దుబాటు తప్పినా ఇదే జరుగుతుంది.

ఒకే సంఖ్య, ఇద్దరు అనుమానితులు

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ఒక కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది. నిమిషానికి దాదాపు 667 మీటర్లన్నమాట. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లయితే చక్రం నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. చివరి గేరు నిష్పత్తి 4 అనుకుంటే గేర్ బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్టు 1,400 చుట్లు తిరుగుతుంది. కారు మూడో గేరులో ఉంది. ఆ గేరు నిష్పత్తి 1. కాబట్టి లోపలి షాఫ్టు కూడా 1,400 చుట్లే తిరగాలి.

కానీ కంప్యూటర్ లెక్క వేస్తే నిష్పత్తి 1 రాలేదు, 1.25 వచ్చింది. ఎందుకు?

మొదటి సందర్భం: క్లచ్ బిళ్లలు అరిగి జారుతున్నాయి. లోపలి షాఫ్టు 1,750 చుట్లు తిరుగుతోంది, బయటి షాఫ్టు 1,400 మాత్రమే. 1,750 ÷ 1,400 = 1.25.

రెండో సందర్భం: క్లచ్ బాగానే ఉంది. రెండు షాఫ్టులూ 1,400 చుట్లే తిరుగుతున్నాయి. కానీ బయటి సెన్సరు ప్రతి 5 స్పందనల్లో ఒకటి పోగొడుతోంది. సెకనుకు 700కు బదులు 560 మాత్రమే కంప్యూటర్‌కు చేరుతున్నాయి. కంప్యూటర్ వాటిని 1,120 చుట్లుగా అర్థం చేసుకుంటుంది. 1,400 ÷ 1,120 = 1.25.

చూశారా, రెండింటిలోనూ కంప్యూటర్‌కు కనిపించేది ఒకే సంఖ్య! మొదటిదాన్ని బాగుచేయాలంటే గేర్ బాక్స్ దించి విప్పాలి. రెండోదానికి ఒక కనెక్టరు శుభ్రం చేస్తే సరిపోవచ్చు. కాబట్టి కంప్యూటర్ ఇచ్చిన సంకేత సంఖ్యను తీర్పుగా కాక, ఫిర్యాదుగా మాత్రమే తీసుకోవాలి.

మూడో సాక్షిని పిలవండి

ఇద్దరు సాక్షుల మాట పొసగనప్పుడు మూడో సాక్షిని విచారించాలి. వాహనంలో అలాంటి సాక్షులు చాలామందే ఉన్నారు.

ఇంజను వేగం చూపే టాకోమీటరు ఒకటి. క్లచ్ జారుతుంటే ఇంజను హోరు పెరుగుతుంది, ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం ముందుకు దూకదు. సెన్సరు తప్పయితే ఇంజను శబ్దంలో ఆ తేడా ఉండదు.

స్పీడోమీటరు మరొకటి. అది బయటి షాఫ్టు సెన్సరు మీదే ఆధారపడిన వాహనమైతే రెండో సందర్భంలో 40కి బదులు 32 చూపుతుంది. చక్రాల దగ్గరి బ్రేకు సెన్సర్ల మీద ఆధారపడితే అది 40 చూపుతుంది, స్కానర్‌లో గేర్ బాక్స్ వేగం మాత్రం 32 అని కనిపిస్తుంది. ఎలా చూసినా తేడా బయటపడుతుంది.

ఏ పరికరమూ లేకపోతే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. వేగం నిలకడగా ఉంచి, పక్కన కూర్చున్న వారు గడియారం చూడాలి. ఒక రాయి నుంచి మరో రాయికి 90 సెకన్లు పడితే వేగం గంటకు 40 కిలోమీటర్లు. స్పీడోమీటరు 32 అని చూపుతుంటే పొరబడింది ఎవరో చెప్పనక్కర్లేదు. నేటి మొబైల్ ఫోన్లు ఉపగ్రహాల సాయంతో చూపే వేగంతోనూ పోల్చి చూడవచ్చు.

సంకేత సంఖ్యలను చదవడం

వాహనం తన లోపాలను తానే నమోదు చేసుకునే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో 2013 నుంచి అమల్లోకి వచ్చింది. స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే సంకేతాలు కనిపిస్తాయి. ‘పి’ అంటే ఇంజను, గేర్ బాక్స్‌ల విభాగం. తరువాతి సున్నా అన్ని కంపెనీలకూ ఉమ్మడి సంకేతమని తెలుపుతుంది. ఆ తరువాతి 7 గేర్ బాక్స్‌ను సూచిస్తుంది.

పి 0705 లీవరు స్థాన సెన్సరు సర్క్యూట్‌కు చెందింది. పి 0715 లోపలి షాఫ్టు వేగ సెన్సరు సర్క్యూట్, పి 0720 బయటి షాఫ్టు వేగ సెన్సరు సర్క్యూట్. పి 0730 గేరు నిష్పత్తి తప్పిందని, పి 0731 మొదటి గేరు నిష్పత్తి తప్పిందని చెబుతాయి. ఇక్కడ ‘సర్క్యూట్’ అన్న మాటను గమనించండి. పి 0720 కనిపించగానే కొత్త సెన్సరు తెప్పించడం సరికాదు. సర్క్యూట్ అంటే సెన్సరు, దాని తీగలు, కనెక్టరు, చివరికి కంప్యూటర్ కూడా.

సంకేతాల గుంపును కూడా చూడాలి. ఒక్క మూడో గేరు నిష్పత్తే తప్పితే ఆ గేరు క్లచ్‌నో, దాని సొలినాయిడ్‌నో అనుమానించవచ్చు. అన్ని గేర్ల నిష్పత్తులూ ఒకే పాళ్లలో తప్పితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే సెన్సర్లను, లేదా నూనె పీడనాన్ని ముందు చూడాలి.

లోపం తీవ్రమనిపిస్తే కంప్యూటర్ గేర్లు మార్చడం మానేసి, ఒకే గేరులో వాహనాన్ని నడవనిస్తుంది. దీన్ని ‘లింప్ మోడ్’ అంటారు, అంటే కుంటి నడక. క్లచ్‌లు కాలిపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసంగా ఉన్నా, మెల్లగా చేరవలసిన చోటికి చేరుస్తుంది.

ఉప్పు చేసే పని

సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం లవణాలుంటాయి. అందువల్ల అది విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. ఫెర్రీ మీద ఎగిరిపడే తుంపర, ఉప్పుగాలిలోని తేమ కనెక్టరులోకి చేరితే రెండు రకాల నష్టం జరుగుతుంది.

మొదటిది, పిన్నులు తుప్పుపట్టి రాగి మీద పచ్చని పొర ఏర్పడుతుంది. స్పందనలు తెగిపోతూ, కలుస్తూ ఉంటాయి. రెండోది, పక్కపక్కన ఉన్న రెండు పిన్నుల మధ్య ఉప్పుతడి దొంగదారి వేస్తుంది. తీగచుట్ట సెన్సరు నిరోధం 800 ఓములు అనుకుందాం. ఉప్పుతడి నిరోధం కూడా 800 ఓములే అయితే కంప్యూటర్‌కు చేరే వోల్టేజి దాదాపు సగానికి పడిపోతుంది. మెల్లగా పోయేటప్పుడు అసలే బలహీనంగా ఉండే స్పందనను కంప్యూటర్ ఇక గుర్తించలేదు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ఇగ్నిషన్ ఆపి, సెన్సరు వైపూ కంప్యూటర్ వైపూ కనెక్టర్లు విప్పి, రెండు తీగల మధ్య నిరోధం కొలవాలి. మధ్యలో ఏమీ లేదు కాబట్టి మీటరు అనంతం చూపాలి. కొన్ని వేల ఓములు చూపితే లోపల తడి చేరినట్టే. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, రబ్బరు సీలు మార్చాలి. ఎమరీ కాగితంతో రుద్దకూడదు. పైపూత పోయి పిన్ను మరింత త్వరగా తుప్పుపడుతుంది.

ఏది ముందు, ఏది తరువాత?

మంచి మెకానిక్కు ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెడతాడు. ముందు డ్రైవరును అడుగుతాడు: లోపం ఎప్పుడు కనిపిస్తోంది? నిదానంగా పోయేటప్పుడే స్పందనలు పోతుంటే సెన్సరుకూ పళ్లకూ మధ్య ఖాళీ పెరిగి ఉండవచ్చు, లేదా అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని ఉండవచ్చు. గుంతల్లో పడినప్పుడల్లా అయితే తీగ, కనెక్టరు వదులుగా ఉన్నట్టు. ఇంజను బాగా వేడెక్కాకే అయితే సెన్సరు లోపలి తీగచుట్ట తెగిందని అనుమానించాలి.

తరువాత గేర్ బాక్స్ నూనె. మట్టం సరిగా ఉందా? నల్లబడి మాడు వాసన వస్తోందా? అలా వస్తే క్లచ్‌లు నిజంగానే కాలుతున్నాయి. పాల రంగులోకి మారితే నీళ్లు చేరాయి. ఆ తరువాత బ్యాటరీ వోల్టేజి, ఎర్తు తీగ. అటు పిమ్మట స్కానర్‌తో సంకేతాలు రాసుకుని, బండి నడుస్తుండగా రెండు సెన్సర్ల వేగాలనూ పక్కపక్కన చూడాలి. నిజమైన షాఫ్టు వేగం ఒక్క క్షణంలో 1,400 నుంచి సున్నాకు పడి, మళ్లీ 1,400కు ఎక్కదు. తెరమీద అలా కనిపిస్తే అది సంకేతం తెగడమే. ఆ తరువాతే కనెక్టరు, తీగలు, సెన్సరు. సెన్సరు నిరోధం ఎంత ఉండాలన్నది వాహనం మాన్యువల్‌లో చూసుకోవాలి. గేర్ బాక్స్ విప్పడం చిట్టచివరి మెట్టు.

ఒక హెచ్చరిక: జాకీ మీద లేపిన బండి చక్రాలు తిరుగుతుండగా కిందికి దూరడం ప్రాణాపాయం. ఇలాంటి పరీక్షలు సరైన స్టాండ్లున్న వర్క్‌షాపులోనే జరగాలి.

అన్ని ఆటోమేటిక్ వాహనాలూ ఒక్కలా ఉండవని కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో 2014లో మారుతి సుజుకి సెలేరియోతో ప్రాచుర్యంలోకి వచ్చిన ఏఎంటీ పద్ధతిలో గేర్లు మామూలువే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. అక్కడా ఇదే లెక్క పనికొస్తుంది. బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీలో నిష్పత్తి నిరంతరం మారుతుంది కాబట్టి కంప్యూటర్ కోరిన నిష్పత్తినీ, వచ్చిన నిష్పత్తినీ పోల్చాలి.

మీరే చేసి చూడండి

ఒక ఇనుప బోల్టు మీద ఎనామెల్ పూసిన సన్నని రాగి తీగను 300 చుట్లు చుట్టండి. రెండు కొసల మీది పూత గీకి, మల్టీమీటరుకు కలిపి, ఏసీ మిల్లీవోల్టుల స్థానంలో పెట్టండి. సైకిలును స్టాండు మీద నిలిపి, వెనక చక్రం పుల్లకు ఒక బలమైన అయస్కాంతం గట్టిగా కట్టండి. చక్రం తిరిగేటప్పుడు అయస్కాంతం బోల్టు తలకు 3 మిల్లీమీటర్ల దూరంలో పోయేలా చూడండి. మెల్లగా తిప్పినప్పుడూ వేగంగా తిప్పినప్పుడూ మీటరు చూపే విలువలు రాసుకోండి. తరువాత బోల్టును ఒక్కో సెంటీమీటరు వెనక్కి జరుపుతూ మళ్లీ కొలవండి. కాస్త దూరం పోయేసరికి మీటరు దాదాపు సున్నా చూపుతుంది. చక్రం మాత్రం మునుపటి వేగంతోనే తిరుగుతూ ఉంటుంది.